క్యామ్‌షాఫ్టుకు తగిన వాల్వు స్ప్రింగు ఎంపిక: బలం, వేగం, మూల్యం

వ్యాససంగ్రహం:
నాలుగు స్ట్రోకుల ఇంజనులో వాల్వును తెరిచేది క్యాము; క్యాము గీసిన బాట నుంచి వాల్వు తొలగిపోకుండా కాపాడేది స్ప్రింగు. ఇంజను శక్తిని పెంచే ఉద్దేశంతో క్యామ్‌షాఫ్టును మార్చినప్పుడు స్ప్రింగును కూడా పునఃపరిశీలించాలి. అయితే ఆ పరిశీలన చాలాచోట్ల "ఇంకాస్త గట్టి స్ప్రింగు" అనే స్థూల నిర్ణయంతో ముగుస్తున్నది. స్ప్రింగు ఎంపికను క్యాము శిఖరం వద్ద ఏర్పడే ఋణత్వరణం, వాల్వుతోపాటు కదిలే ద్రవ్యరాశి, ఇంజను గరిష్ఠ వేగం అనే మూడు రాశులు నిర్ణయిస్తాయని, అవసరానికి మించిన బలానికి అరుగుదల రూపంలో మూల్యం చెల్లించవలసి వస్తుందని ఒక గణన ద్వారా నిరూపించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నిత్యం కనిపించే ఇంజన్ల వేగాలను పోలికగా తీసుకొని విషయ వివరణ సాగుతుంది.

కీలకపదాలు: వాల్వు స్ప్రింగు, క్యామ్‌షాఫ్టు, ఋణత్వరణం, ప్రభావక ద్రవ్యరాశి, వాల్వు ఫ్లోట్, అనునాదం, లోహపు అలసట.

1. ఉపోద్ఘాతం

మెకానికల్ ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలో క్యాము ఒక పేపరులోను, స్ప్రింగు మరొక పేపరులోను బోధనాంశాలుగా ఉంటాయి. యంత్రాల సిద్ధాంతంలో విద్యార్థి క్యాము ఆకృతిని గీసి, అనుచరి వేగాన్ని, త్వరణాన్ని లెక్కిస్తాడు. యంత్ర భాగాల రూపకల్పనలో స్ప్రింగు తీగ వ్యాసాన్ని, ప్రతిబలాన్ని లెక్కిస్తాడు. మొదటి లెక్కలో వచ్చిన సమాధానమే రెండవ లెక్కకు ప్రశ్న అవుతుందన్న సంగతి ఈ రెండు పేపర్ల మధ్య జారిపోతుంది. ఇంజను ముందుకు వచ్చినప్పుడు మాత్రం ఆ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు.

ఈ లోపం పరీక్ష మార్కులకే పరిమితమైతే పెద్ద నష్టం లేదు. వాల్వు తన బాట తప్పితే పైకి వస్తున్న పిస్టనును తాకుతుంది. వాల్వు తల విరిగి సిలిండరులో పడితే పిస్టను, సిలిండరు హెడ్డు రెండూ పాడవుతాయి. రహదారిపై వేగంగా పోతున్న మోటారు సైకిలులో ఇది జరిగి ఇంజను ఒక్కసారిగా పట్టేస్తే వెనుక చక్రం కూడా ఆగిపోవచ్చు. కనుక స్ప్రింగు ఎంపికలో యంత్రం ఆయుష్షుతోపాటు నడిపేవారి క్షేమం కూడా ఇమిడి ఉంది.

ఈ వ్యాసంలో భౌతికశాస్త్ర భావనలకు తెలుగు పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిన పదాలను, యంత్ర భాగాలకు వర్కుషాపుల్లో వాడుకలో ఉన్న పదాలను గ్రహించడమైనది.

2. వేగాల తారతమ్యం: మూడు జిల్లాల ఇంజన్లు

2016 అక్టోబరు 11న, ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా విభజన వల్ల ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఇంజను ఎన్నో రూపాల్లో జీవనాధారంగా ఉంది. జనగామ మెట్ట పొలాల్లోను, మహబూబాబాద్ వరి, మిరప చేలల్లోను ట్రాక్టరు నడుస్తుంది. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనుల చుట్టూ డంపర్లు, లారీలు తిరుగుతాయి. మూడు జిల్లాల్లోనూ ఊరూరా మోటారు సైకిళ్లు ఉన్నాయి.

ఈ యంత్రాల వేగాలను పక్కపక్కన పెట్టి చూడటం ప్రయోజనకరం. ట్రాక్టరు డీజిల్ ఇంజను సాధారణంగా 2000 నుంచి 2200 ఆర్.పి.ఎం. ప్రాంతంలో పనిచేస్తుంది. భారతీయ రైల్వే దశాబ్దాలపాటు నడిపిన డబ్ల్యు.డి.ఎం.-2 లోకోమోటివ్ ఇంజను గరిష్ఠ వేగం 1000 ఆర్.పి.ఎం. మాత్రమే. ఆధునిక మోటారు సైకిలు ఇంజను 9000 ఆర్.పి.ఎం.ను సులభంగా అందుకుంటుంది.

ఒక వస్తువును నిర్ణీత కాలంలో ఎత్తి దించేటప్పుడు ఆ కాలం సగమైతే త్వరణం నాలుగింతలవుతుంది. అనగా వాల్వు త్వరణం ఇంజను వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. క్యాము ఆకృతి, ద్రవ్యరాశి ఒకటే అనుకుంటే, 1000 ఆర్.పి.ఎం. వద్ద అవసరమైన జడత్వ బలం 9000 వద్ద 81 రెట్లవుతుంది. లోకోమోటివ్ వాల్వు ఎంత బరువైనదైనా దాని స్ప్రింగు పని తీరికగా సాగుతుంది. మోటారు సైకిలు వాల్వు అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నదైనా దాని స్ప్రింగు నిరంతరం పరిమితికి చేరువలో ఉంటుంది. ట్రాక్టరు ఇంజన్లపై చేయి తిరిగిన మెకానిక్ అనుభవం మోటారు సైకిలు స్ప్రింగు విషయంలో యథాతథంగా చెల్లకపోవడానికి కారణం ఈ వర్గ నియమమే. లోపం నైపుణ్యంలో లేదు, లెక్క మారింది.

3. స్ప్రింగుకు పని పడే ఘట్టం

వాల్వు తెరుచుకునే క్రమాన్ని మూడు ఘట్టాలుగా విభజించవచ్చు. మొదటి ఘట్టంలో క్యాము పార్శ్వం వాల్వును వేగంగా నెడుతుంది. ఈ దశలో త్వరణం ధనాత్మకం. వాల్వును క్యామే నెడుతున్నందున రెండింటి సంపర్కానికి స్ప్రింగు సహాయం అక్కరలేదు.

రెండవ ఘట్టం క్యాము శిఖరానికి ఇరువైపులా ఉంటుంది. అప్పటికే వేగం పుంజుకున్న వాల్వు జడత్వం వల్ల ముందుకే సాగాలనుకుంటుంది. దానిని నెమ్మదింపజేసి, క్షణకాలం ఆపి, వెనుకకు మరల్చాలి. క్యాము నెట్టగలదే కాని లాగలేదు. అందువల్ల ఈ ఋణత్వరణాన్ని కలిగించే బాధ్యత పూర్తిగా స్ప్రింగుదే. స్ప్రింగు బలం చాలకపోతే వాల్వు క్యామును విడిచి గాలిలో తేలుతుంది. దీనినే వాల్వు ఫ్లోట్ అంటారు.

మూడవ ఘట్టంలో వాల్వు సీటుకు చేరువవుతుంది. క్యాము దాని వేగాన్ని మెల్లగా తగ్గించి సీటుపై కూర్చోబెడుతుంది. రెండవ ఘట్టంలో విడిపోయిన వాల్వు ఈ దశలో క్యాముపై దెబ్బలా పడుతుంది, లేదా నేరుగా సీటును ఢీకొని ఎగిరిపడుతుంది. సీటు అంచులు దెబ్బతినడం, లాకులు వదులవడం, వాల్వు కాడ అలసి విరగడం దీని పర్యవసానాలు.

కాబట్టి "ఈ క్యాముకు ఎంత స్ప్రింగు కావాలి?" అన్న ప్రశ్నకు సమాధానం లిఫ్టు ఎంత, వాల్వు తెరిచి ఉండే కాలం ఎంత అన్న రెండు అంకెల్లోనే దొరకదు. ఒకే లిఫ్టు, ఒకే కాలవ్యవధి కలిగిన రెండు క్యాములలో శిఖరం మొనదేలిన దానికి ఎక్కువ బలం, గుండ్రంగా విశాలమైన దానికి తక్కువ బలం కావలసి ఉంటుంది. ఎంపికకు ఆధారం ఋణత్వరణ వక్రరేఖ.

4. ప్రభావక ద్రవ్యరాశి, జడత్వ బలం: ఒక గణన

విషయ స్పష్టత కోసం ఒక నమూనా ఇంజనును ఊహించుకొని లెక్క చేయవచ్చు. ఇది ఫలానా కంపెనీ ఇంజను కాదు. అంకెలు మాత్రం ఈ తరహా ఇంజన్లకు సహజమైనవి. క్యాము నేరుగా బకెట్టును నెట్టే నిర్మాణం, 9 మి.మీ. లిఫ్టు, 9000 ఆర్.పి.ఎం. గరిష్ఠ వేగం ఈ నమూనా లక్షణాలు.

కదిలే భాగాల ద్రవ్యరాశి ఇలా ఉంది: వాల్వు 30 గ్రాములు, బకెట్టు 20 గ్రాములు, రిటైనరు, లాకులు కలిపి 12 గ్రాములు. స్ప్రింగు బరువు 43 గ్రాములు. స్ప్రింగు ఒక కొన కదలక, మరొక కొన వాల్వుతోపాటు పూర్తిగా కదులుతుంది కనుక దాని ద్రవ్యరాశిలో మూడవ వంతును, అనగా సుమారు 14 గ్రాములను కలుపుకోవాలి. మొత్తం ప్రభావక ద్రవ్యరాశి 76 గ్రాములు.

క్యామ్‌షాఫ్టు ఇంజను వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. 4500 ఆర్.పి.ఎం. అంటే సెకనుకు 471.2 రేడియన్ల కోణీయ వేగం; దాని వర్గం సుమారు 2,22,000. శిఖరం వద్ద క్యాము జ్యామితీయ ఋణత్వరణం రేడియన్ వర్గానికి 20 మి.మీ. అనుకుంటే,

వాల్వు ఋణత్వరణం = 0.020 × 2,22,000 = సెకను వర్గానికి సుమారు 4440 మీటర్లు
జడత్వ బలం = 0.076 × 4440 = సుమారు 337 న్యూటన్లు

ఈ త్వరణం గురుత్వ త్వరణానికి 450 రెట్లకు పైగా ఉండటం గమనార్హం.

ఈ ఇంజనులోని స్ప్రింగు వాల్వు మూసి ఉన్నప్పుడు 170 న్యూటన్లు, పూర్తిగా తెరిచినప్పుడు 410 న్యూటన్లు ఇస్తుందనుకుందాం. బల స్థిరాంకం మిల్లీమీటరుకు 26.7 న్యూటన్లు. 337తో పోలిస్తే 410 దాదాపు 21 శాతం అధికం. ఈ మిగులు సౌకర్యంగానే కనిపిస్తుంది. కాని బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక వేగంలో ఆ మిగులు 10 శాతమే. సుమారు 9900 ఆర్.పి.ఎం. వద్ద అది పూర్తిగా హరించుకుపోతుంది. పెద్ద గేరులో పోతూ పొరపాటున రెండు గేర్లు ఒకేసారి తగ్గిస్తే చక్రమే ఇంజనును ఆ వేగానికి తిప్పగలదు. ఇంధనాన్ని గాని, స్పార్కును గాని ఆపి వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఆ స్థితిలో ఏమీ చేయలేదు. 20 శాతం మిగులు అవసరం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

శిఖరం వద్ద సరిచూసుకోవడం ఒక్కటే చాలదు. ఋణత్వరణం మొదలయ్యే చోట లిఫ్టు తక్కువ, కనుక స్ప్రింగు బలం కూడా తక్కువ. అక్కడి నుంచి శిఖరం వరకు ప్రతి బిందువు వద్ద స్ప్రింగు బలం జడత్వ బలం కంటే పైన ఉన్నదో లేదో చూడాలి.

పుష్‌రాడ్, రాకర్ ఆర్మ్ ఉన్న ఇంజన్లలో, ఉదాహరణకు పాత తరం రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో, లెక్క కొంత మారుతుంది. రాకర్ నిష్పత్తి 1.5 అయితే క్యాము వైపు ఉన్న పుష్‌రాడ్, ట్యాపెట్ల ద్రవ్యరాశిని నిష్పత్తి వర్గమైన 2.25తో భాగించి వాల్వు వైపు ద్రవ్యరాశికి కలపాలి. అనగా 60 గ్రాములు సుమారు 27 గ్రాములతో సమానం. వాల్వు వైపు తగ్గించిన ఒక్క గ్రాము క్యాము వైపు తగ్గించిన రెండు గ్రాములకు మించిన ఫలితాన్నిస్తుంది. రిటైనరును తేలిక చేయడంపై ఇంజను నిర్మాతలు ఎక్కువ శ్రద్ధ చూపడంలోని ఔచిత్యం ఇదే.

5. క్యామ్‌షాఫ్టు మారినప్పుడు పాత స్ప్రింగు

పై ఇంజనులో కాలవ్యవధి మార్చకుండా 10 మి.మీ. లిఫ్టు కలిగిన క్యామ్‌షాఫ్టును అమర్చారనుకుందాం. అదే వ్యవధిలో ఎక్కువ ఎత్తు ఎక్కి దిగాలి కనుక శిఖరం వద్ద జ్యామితీయ ఋణత్వరణం 24 మి.మీ.కు పెరిగిందనుకుంటే, 9000 ఆర్.పి.ఎం. వద్ద జడత్వ బలం సుమారు 405 న్యూటన్లు అవుతుంది. పాత స్ప్రింగు అదనంగా ఒక మిల్లీమీటరు నొక్కుకుపోవడం వల్ల 437 న్యూటన్లు ఇస్తుంది. మిగులు 21 నుంచి 8 శాతానికి పడిపోయింది. వేగంలో చూస్తే 9350 ఆర్.పి.ఎం. వద్దే ఫ్లోట్ మొదలవుతుంది. ఇంజను గరిష్ఠ వేగాన్ని ఒక్క ఆర్.పి.ఎం. కూడా పెంచకుండానే ఈ ప్రమాదం వచ్చి చేరింది.

రెండవ చిక్కు ఎత్తుకు సంబంధించినది. స్ప్రింగు బిగింపు ఎత్తు 38.5 మి.మీ., చుట్లన్నీ ఒకదానికొకటి ఆనేలా పూర్తిగా అణగిన ఎత్తు 28.1 మి.మీ. అనుకుంటే, పాత క్యాముతో పూర్తి లిఫ్టు వద్ద 1.4 మి.మీ. ఎడం మిగిలేది. కొత్త క్యాముతో 0.4 మి.మీ. మాత్రమే మిగులుతుంది. సాధారణంగా 1 నుంచి 1.5 మి.మీ. ఎడం ఉంచడం మంచి పద్ధతి.

స్ప్రింగు బలం చాలదని తోచినప్పుడు దాని కింద వాషరు వేసి బిగించడం పరిచితమైన ఉపాయం. ఇక్కడ 0.5 మి.మీ. వాషరు వేస్తే బలం 13 న్యూటన్లు పెరిగి 450 అవుతుంది. మిగులు 11 శాతానికి చేరుతుంది. కాని మిగిలిన 0.4 మి.మీ. ఎడం పూర్తిగా పోయి, వాల్వు పూర్తి లిఫ్టుకు చేరకముందే చుట్లు అంటుకుపోతాయి. ఆ క్షణంలో స్ప్రింగు ఘనమైన ఉక్కు గొట్టంలా మారుతుంది. క్యాము, బకెట్టు, రిటైనరులలో ఏది బలహీనమైతే అది విరుగుతుంది. బలాన్ని పెంచే ఉద్దేశంతో చేసిన పని ఇంజనును మొదటి పరిభ్రమణంలోనే దెబ్బతీయగలదు.

ద్రవ్యరాశిని తగ్గించడం మరో మార్గం. ఉక్కు రిటైనరు స్థానంలో టైటానియం రిటైనరు వాడి 6 గ్రాములు తగ్గించగలిగితే ప్రభావక ద్రవ్యరాశి 70 గ్రాములు, జడత్వ బలం 373 న్యూటన్లు అవుతాయి. పాత స్ప్రింగుతోనే మిగులు 17 శాతానికి చేరుతుంది. వాషరు వల్ల 3 శాతం, 6 గ్రాముల తగ్గింపు వల్ల 9 శాతం మేలు కలిగింది. అయితే ఎడం సమస్య ఈ మార్గంలోనూ తీరదు. కొత్త స్ప్రింగు తప్పనిసరి.

కొత్త స్ప్రింగును ఇలా రూపొందించవచ్చు. పాత స్ప్రింగు తీగ వ్యాసం 3.6 మి.మీ., సగటు చుట్టు వ్యాసం 22 మి.మీ., పనిచేసే చుట్లు 5.8. తీగను, వ్యాసాన్ని మార్చకుండా చుట్లను 5కు తగ్గిస్తే బల స్థిరాంకం మిల్లీమీటరుకు సుమారు 31.1 న్యూటన్లకు పెరుగుతుంది. సీటు బలాన్ని 180గా ఉంచితే 10 మి.మీ. లిఫ్టు వద్ద 491 న్యూటన్లు లభిస్తాయి. మిగులు మళ్లీ 21 శాతం. అణగిన ఎత్తు 25.2 మి.మీ.కు తగ్గి 3.3 మి.మీ. ఎడం ఏర్పడుతుంది.

ఈ మేలు ఉచితంగా రాలేదు. చుట్టు వంపు ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, పాత స్ప్రింగు తీగలో గరిష్ఠ విమోటన ప్రతిబలం సుమారు 615 మెగాపాస్కల్‌లు, కొత్తదానిలో 735. తక్కువ చుట్లు ఎక్కువ దూరం నొక్కుకుపోతున్నందున ప్రతి చుట్టూ ఎక్కువ శ్రమ పడుతున్నది. 9000 ఆర్.పి.ఎం. వద్ద స్ప్రింగు నిమిషానికి 4500 సార్లు, గంటకు 2,70,000 సార్లు నొక్కుకుపోయి విడివడుతుంది. ఇన్ని ఆవృతాల్లో లోహపు అలసట తీగ ఉపరితలంపై ఉన్న సూక్ష్మమైన గీత వద్ద గాని, ఉక్కులోని మలిన కణం వద్ద గాని మొదలవుతుంది. వాల్వు స్ప్రింగులకు సిలికాన్-క్రోమియం మిశ్రమ ఉక్కు తీగను, అందులోనూ మలినాలు అత్యల్పంగా ఉన్న ప్రత్యేక శ్రేణిని వాడటానికి, ఉపరితలాన్ని ఉక్కు గుళ్లతో తాడనం చేసి సంపీడన ప్రతిబలాన్ని నింపడానికి ఇదే హేతువు. కొలతలు సరిపోయినంత మాత్రాన సాధారణ స్ప్రింగు తీగతో చుట్టినది వాల్వు స్ప్రింగు కాజాలదు.

6. స్ప్రింగు అంతఃకంపనం

ఇంతవరకు స్ప్రింగును ఆజ్ఞకు లోబడిన సేవకునిగా భావించి లెక్క చేయడమైనది. కాని స్ప్రింగుకు సొంత ద్రవ్యరాశి, సొంత లయ ఉన్నాయి. ఒక కొనను హఠాత్తుగా నొక్కితే ఆ సంపీడనం అలగా చుట్ల గుండా ప్రయాణించి, రెండవ కొనను తాకి మరలి వస్తుంది. దీనిని సర్జ్ అంటారు. రెండు కొనలూ ఆనుకొని ఉన్న స్ప్రింగు సహజ పౌనఃపున్యం, బల స్థిరాంకాన్ని పనిచేసే చుట్ల ద్రవ్యరాశితో భాగించగా వచ్చిన దాని వర్గమూలంలో సగం.

పాత స్ప్రింగులో పనిచేసే చుట్ల ద్రవ్యరాశి 32 గ్రాములు కనుక సహజ పౌనఃపున్యం సుమారు 457 హెర్ట్జ్. 9000 ఆర్.పి.ఎం. వద్ద క్యాము సెకనుకు 75 సార్లు తిరుగుతుంది. 75కు, 457కు పొంతన లేదని తోచవచ్చు. కాని క్యాము లిఫ్టు వక్రరేఖ శుద్ధ సైను తరంగం కాదు. అందులో 2, 3, 4 తదితర రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు కలిసి ఉంటాయి. ఆరవ అనుస్వరం 9140 ఆర్.పి.ఎం. ప్రాంతంలో 457 హెర్ట్జ్‌తో ఏకీభవించి అనునాదం కలిగిస్తుంది. ఏడవది 7830 వద్ద, ఎనిమిదవది 6850 వద్ద అదే పని చేస్తాయి. అనునాద సమయంలో మధ్య చుట్లు అదుపు తప్పి ఊగుతాయి. క్యాముకు అవసరమైన క్షణంలో స్ప్రింగు బలం లెక్కించిన దానికంటే తగ్గిపోవచ్చు. తీగలోని ప్రతిబలం మాత్రం లెక్కను మించుతుంది. స్థిర గణనలో నెగ్గిన స్ప్రింగు చలన స్థితిలో ఓడిపోవడం ఇలా సంభవిస్తుంది.

కొత్త స్ప్రింగు సహజ పౌనఃపున్యం సుమారు 531 హెర్ట్జ్. ఆరవ అనుస్వరపు అనునాదం 10,600 ఆర్.పి.ఎం. దాటి, వాడుక పరిధికి వెలుపలికి పోతుంది. అయితే ఏడవది 9100 ప్రాంతానికి వచ్చి చేరుతుంది. సాధారణంగా అనుస్వర సంఖ్య పెరిగేకొద్దీ దాని తీవ్రత తగ్గుతుంది కనుక ఇది మేలైన స్థితే. సంపూర్ణ పరిష్కారం మాత్రం కాదు. అందుకే ఒకదానిలో ఒకటి బిగుతుగా ఇమిడి రాపిడితో కంపనాన్ని అణచే జంట స్ప్రింగులు, పైకి పోయేకొద్దీ సన్నబడే తేనెపట్టు ఆకారపు స్ప్రింగులు రూపొందాయి. తేనెపట్టు స్ప్రింగులో చుట్ల వ్యాసం మారుతూ ఉండటం వల్ల ఒకే పౌనఃపున్యం వద్ద కంపనం కేంద్రీకృతం కాదు. పై భాగం చిన్నది కనుక రిటైనరు కూడా తేలికవుతుంది. ఎడం అతిగా ఉండటమూ లాభదాయకం కాదు. పూర్తి లిఫ్టు వద్ద చుట్లు చేరువగా వస్తే కంపించే చుట్లు ఒకదానినొకటి తాకి కంపనం శమిస్తుంది. పై నమూనాలోని 3.3 మి.మీ. ఎడాన్ని తగ్గించేలా తీగ మందాన్ని, చుట్లను సవరించడం తరువాతి మెట్టు.

7. అధిక బలానికి చెల్లించే మూల్యం

స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత మంచిదన్న అభిప్రాయాన్ని ఒక చిన్న లెక్క ఖండిస్తుంది. శిఖరం వద్ద క్యాముపై పడే భారం, స్ప్రింగు బలం నుంచి జడత్వ బలాన్ని తీసివేయగా మిగిలినది. కొత్త స్ప్రింగుతో 9000 ఆర్.పి.ఎం. వద్ద ఆ భారం 491 – 405 = 86 న్యూటన్లు మాత్రమే. ఇంజను నిలకడగా 1500 ఆర్.పి.ఎం. వద్ద తిరుగుతున్నప్పుడు జడత్వ బలం 11 న్యూటన్లకు పడిపోయి, క్యాము శిఖరంపై 480 న్యూటన్ల భారం ఉంటుంది. క్యాము శిఖరం ఎక్కువగా నలిగేది గరిష్ఠ వేగంలో కాదు, మంద వేగంలో. పైగా మంద వేగంలో నూనె పొర కూడా పలుచగా ఉంటుంది.

పందెపు ఇంజను మంద వేగంలో గడిపే కాలం స్వల్పం. జనగామ బజారులోనో, మహబూబాబాద్ రైల్వే గేటు వద్దనో ఆగుతూ సాగే మోటారు సైకిలు జీవితకాలంలో అధికభాగం మంద వేగంలోనే గడుస్తుంది. పందేనికి ఉద్దేశించిన స్ప్రింగును అటువంటి వాహనంలో అమర్చితే, ఎన్నడూ చేరని వేగం కోసం ప్రతి నిమిషమూ క్యామును అరగదీస్తున్నట్లే. కనుక స్ప్రింగుకు ముందు నిర్ణయించవలసింది ఇంజను వాస్తవంగా చేరే గరిష్ఠ వేగం.

ఇంజనీరింగ్ విద్యార్థులు పాల్గొనే ఫార్ములా భారత్ పోటీ నిబంధనలు ఈ విషయంలో మంచి పాఠం చెబుతాయి. అక్కడ 710 సి.సి.కి మించని ఇంజనుకు గాలంతా 20 మి.మీ. వ్యాసపు ద్వారం గుండానే వెళ్లాలి. ఆ ద్వారం సాధారణ వాతావరణ స్థితిలో సెకనుకు సుమారు 75 గ్రాములకు మించి గాలిని పోనివ్వదు. 600 సి.సి. ఇంజను 12,000 ఆర్.పి.ఎం. వద్ద సిలిండర్లను పూర్తిగా నింపుకోవాలంటే దాదాపు 72 గ్రాముల గాలి కావాలి. అంతకు మించిన వేగంలో శక్తి పెరుగుదలకు గాలే లేదు. ఆ పోటీలో 14,000 ఆర్.పి.ఎం. కోసం స్ప్రింగును ఎంచుకునే జట్టు అరుగుదలను, ఘర్షణను కొనితెచ్చుకొని, బదులుగా ఏమీ పొందదు.

8. సీటు బలం: వేరొక లెక్క

పూర్తి లిఫ్టు వద్ద బలాన్ని జడత్వం నిర్ణయిస్తుండగా, వాల్వు మూసి ఉన్నప్పటి సీటు బలాన్ని ఇతర కారణాలు నిర్ణయిస్తాయి. వాల్వు సీటుపై పడినప్పుడు ఎగిరిపడకుండా చూడటం వాటిలో ఒకటి. వాయు పీడనం మరొకటి. ఇందుకు ఉదాహరణ మోటారు సైకిలులో కంటే లారీలో స్పష్టంగా కనిపిస్తుంది.

బరువైన వాహనం వాలు దిగేటప్పుడు ఎగ్జాస్టు బ్రేకు పొగగొట్టాన్ని మూసి ఇంజనులో ఎదురు పీడనాన్ని సృష్టిస్తుంది. 40 మి.మీ. తల, 9 మి.మీ. కాడ గల ఎగ్జాస్టు వాల్వు వెనుక 3 బార్ల పీడనం ఏర్పడితే దానిని తెరిచే దిశలో సుమారు 360 న్యూటన్ల బలం పనిచేస్తుంది. సిలిండరులో పీడనం తక్కువగా ఉండే ఇన్‌టేక్ స్ట్రోకులో దానిని ఎదిరించవలసింది సీటు బలమే. అది చాలకపోతే మూసి ఉండవలసిన వాల్వు తెరుచుకొని తిరిగి సీటును ఢీకొంటుంది. ఎగ్జాస్టు బ్రేకు పీడనానికి హద్దు విధించే అంశాల్లో వాల్వు స్ప్రింగు ఒకటి. బొగ్గు రవాణా జరిగే ప్రాంతంలో పాత స్ప్రింగులతో నడిచే లారీకి ఇది బ్రేకుల భద్రతకు సంబంధించిన విషయం కూడా.

వాలులో తప్పు గేరు వేస్తే మరో ప్రమాదం ఉంది. గవర్నరు ఇంధనాన్ని నియంత్రించగలదు గాని, చక్రాలు ఇంజనును తిప్పడాన్ని ఆపలేదు. 2200 ఆర్.పి.ఎం. కోసం రూపొందిన వాల్వు వ్యవస్థ 3300 చేరితే జడత్వ బలం 2.25 రెట్లవుతుంది.

9. స్ప్రింగును దాటిన ప్రయత్నాలు

ఉక్కు స్ప్రింగు పరిమితులను అధిగమించడానికి చరిత్రలో రెండు ప్రధాన మార్గాలు కనిపిస్తాయి. మొదటిది వాల్వును మూయడానికి కూడా క్యామునే వాడే డెస్మోడ్రోమిక్ పద్ధతి. 1954లో మెర్సిడెస్ డబ్ల్యు 196 పందెపు కారులో ఇది విజయవంతమైంది. డుకాటి సంస్థలో ఇంజనీరు ఫాబియో టాలియోని 1956లో దీనిని పందెపు మోటారు సైకిలుకు అన్వయించాడు. రెండవది లోహపు స్ప్రింగుకు బదులు సంపీడన వాయువును వాడే పద్ధతి. 1986లో రెనో సంస్థ దీనిని ఫార్ములా వన్ ఇంజనులో ప్రవేశపెట్టింది. వాయువుకు ద్రవ్యరాశి దాదాపు లేనందున సర్జ్ సమస్య తొలగి, ఇంజన్లు మునుపెన్నడూ ఎరుగని వేగాలకు చేరాయి. అయినప్పటికీ తయారీ ఖర్చు, నిర్వహణ సౌలభ్యం దృష్ట్యా లోకంలోని ఇంజన్లలో అత్యధిక భాగం నేటికీ ఉక్కు స్ప్రింగుపైనే ఆధారపడి ఉన్నాయి.

10. ఎంపిక క్రమం

పై చర్చను అనుసరించి స్ప్రింగు ఎంపికను కింది క్రమంలో నిర్వహించవచ్చు.

అ) ఇంజను వాస్తవంగా చేరే గరిష్ఠ వేగాన్ని నిర్ణయించాలి.
ఆ) క్యాము తయారీదారు ఇచ్చిన లిఫ్టు పట్టిక నుంచి గాని, డిగ్రీ చక్రం, డయల్ గేజీతో కొలిచి గాని ఋణత్వరణ వక్రరేఖను రాబట్టాలి.
ఇ) ప్రతి భాగాన్ని తూచి ప్రభావక ద్రవ్యరాశిని లెక్కించాలి. తగ్గించగల ద్రవ్యరాశిని ముందుగా తగ్గించాలి.
ఈ) ఋణత్వరణం ఉన్నంత మేర స్ప్రింగు బలం జడత్వ బలం కంటే సుమారు 20 శాతం అధికంగా ఉండేలా చూడాలి.
ఉ) పూర్తి లిఫ్టు వద్ద చుట్ల మధ్య ఎడాన్ని, రిటైనరుకు, వాల్వు గైడు సీలుకు మధ్య ఎడాన్ని విడివిడిగా కొలవాలి.
ఊ) తీగలోని ప్రతిబలాన్ని, సహజ పౌనఃపున్యాన్ని లెక్కించి అలసట, అనునాదాల దృష్ట్యా సరిచూడాలి.
ఋ) బిగించే ముందు ప్రతి స్ప్రింగును రెండు ఎత్తుల వద్ద పరీక్షించాలి. పై నమూనాలోని కొత్త స్ప్రింగు 38.5 మి.మీ. వద్ద సుమారు 18 కిలోలు, 28.5 మి.మీ. వద్ద సుమారు 50 కిలోలు చూపాలి. వాడుకలో స్ప్రింగు బలం కొంత తగ్గుతుంది కనుక ఈ పరీక్షను విరామాలతో పునరావృతం చేయాలి.

11. ముగింపు

వాల్వు స్ప్రింగు ఎంపిక బలాన్ని పెంచే ప్రక్రియ కాదు, బలాన్ని సరితూచే ప్రక్రియ. బలం తక్కువైతే వాల్వు గరిష్ఠ వేగంలో క్యామును విడిచిపోతుంది; ఎక్కువైతే మంద వేగంలో క్యామును అరగదీస్తుంది. మొదటి తప్పు ఒక్క క్షణంలో బయటపడుతుంది. రెండవది వేల కిలోమీటర్ల తరువాత గాని తెలియదు. అందువల్ల రెండవ తప్పే ఎక్కువగా జరుగుతుంది, తక్కువగా గుర్తింపబడుతుంది.

1959లో వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా ఆరంభమైన నేటి జాతీయ సాంకేతిక సంస్థ మొదలుకొని జిల్లాల్లోని పాలిటెక్నిక్, ఐ.టి.ఐ.ల వరకు ఈ ప్రాంతంలో యాంత్రిక విద్యకు సుదీర్ఘ నేపథ్యం ఉంది. క్యాము, స్ప్రింగు అనే రెండు పాఠాలను ఒకే ప్రయోగంగా మలచడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. పాత మోటారు సైకిలు సిలిండరు హెడ్డు, డయల్ గేజీ, డిగ్రీ చక్రం, తూకపు యంత్రం చాలు. ఆ ప్రయోగం చేసిన విద్యార్థి స్ప్రింగు ముందు నిలిచినప్పుడు "ఇది గట్టిదేనా?" అని అడగడు, "ఏ క్యాముకు, ఎంత ద్రవ్యరాశికి, ఎంత వేగానికి?" అని అడుగుతాడు. బోధన ఆశించవలసిన ఫలితం ఆ ప్రశ్నే.